పెద్దమ్మకు వేసిన కరెంటు షెడ్యూలు

తెలివి తక్కువై కొంప ముంచుకున్నవాళ్ళ సంగతులు మీరు చాలా విని ఉంటారు. తెలివి ఎక్కువై కొంప ముంచిన మనిషిని చూడాలనుకుంటే మాత్రం సికింద్రాబాదు రండి. లాలాగూడలో దిగి మా చుట్టాల్లో ఎవరినడిగినా నన్ను చూపిస్తారు. నేను చేసిన ఘనకార్యం అలాంటిది. ఇందులో నవ్వుకోవలసినవి బోలెడున్నాయి, మొహమాటపడకుండా నవ్వండి. చెప్పేటప్పుడు సగం దాకా నేనూ నవ్వుతాను. ఆ తర్వాత నా గొంతు నా మాట వినదు, ముందే చెబుతున్నాను.

నా ఉద్యోగం ఏమిటో తెలియకపోతే మీకు ఇది ఎక్కదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగితే "కరెంటు షెడ్యూలింగ్" అని ఠీవిగా చెప్పేవాణ్ణి. వాళ్ళు వెంటనే "అట్లనా! మా మీటరు గిర్రున తిరుగుతున్నది, జెర ఒచ్చి జూడరాదు" అనేవారు. మీటర్లు చూడడం నా పని కాదు మహాప్రభో! రెజిమెంటల్ బజార్‌లో తాళ్ళూ పరదాలూ అమ్మే దుకాణం పైన మా ఆఫీసు. కరెంటు ప్లాంట్లు ఉన్నవాళ్ళ తరఫున, రేపు ఏ ప్లాంటు ఎప్పుడు నడవాలి, ఎప్పుడు పడుకోవాలి, ఎంత కరెంటు అమ్మాలి అని ఈరోజే లెక్కకట్టి చెప్పడం మా పని.

కరెంటుకూ కూరగాయల్లాగే ఒక బజారుంది. మధ్యాహ్నం ఎండ మండుతుంటే సోలారు కరెంటు వచ్చి పడి ధర దిగుతుంది. సాయంత్రం ఊరంతా ఒక్కసారే లైట్లు వేసుకుంటే ధర ఆకాశానికి పోతుంది. అందుకని రోజును పావుగంట ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఎవరు నడవాలో ముందే రాసిపెట్టాలి. బొగ్గు ప్లాంటు వేడెక్కడానికి గంటలు పడుతుంది కాబట్టి దాన్ని తోచినప్పుడల్లా ఆపకూడదు. గాలిమర మాట ఇస్తుంది గానీ నిలబెట్టుకోదు. అది మాట తప్పితే ఆదుకోవడానికి ఇంకొకరిని సిద్ధంగా కూర్చోబెట్టాలి. అన్నిటికన్నా పెద్ద నియమం ఒకటుంది. మధ్యాహ్నానికి బజారు తలుపు పడిపోతుంది. ఆ తలుపు పడ్డాక రేపటి కోసం ఎవరు ఏమడిగినా కుదరదు, ఎల్లుండికే.

ఈ లెక్కలు కట్టే ప్రోగ్రాం నేనే రాశాను. మా ఆఫీసరు మాధవరావు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దమనిషి. మెచ్చుకోవడంలో మహా పిసినారి. ఆయన ఒకరోజు నా భుజం తట్టి, "ఏమయ్యా శ్రీనివాసూ, నువ్వు రాసిన ప్రోగ్రాం బంగారమయ్యా! మనం చెప్పినదానికీ ప్లాంట్లు నడిచినదానికీ తేడానే లేదు" అన్నారు. అంతే, నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇక కిందికి దిగలేదు. ఇంట్లో పాలు పొంగిపోతే, పొంగడం షెడ్యూల్లో లేదు కాబట్టి తప్పు పాలదే అనే స్థాయికి చేరాను.

ఇక పెద్దమ్మ సంగతి. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, అమ్మకు అక్క అయిన లక్ష్మి పెద్దమ్మ నన్ను పెంచింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నర్సింగన్న తిరుమలగిరిలో మిలిటరీ వాళ్ళకు యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతాడు. చిన్నవాడు రవన్న గూడ్సు బండి గార్డు. పెద్దమ్మ మాత్రం లాలాగూడలో నా దగ్గరే ఉండేది. ఎందుకంటే ఆ అన్నదమ్ములకు మాటల్లేవు. "నేను ఒకని ఇంట్ల ఉంటే రెండోడు గడప తొక్కడు. శీనుగాని ఇంట్ల ఉంటే ఇద్దరొస్తరు" అని ఆమె లెక్క. చూశారా, నాకంటే ముందే ఆమెకు లెక్కలు వచ్చు.

మాటలు పోవడానికి కారణం పెద్దదే. పెద్దనాయిన పోయిన రోజు రవన్న డ్యూటీలో ఎక్కడో దూరాన చిక్కుకుపోయాడు. పొద్దుగూకక ముందే కానివ్వాలని పెద్దలు తొందరపెడితే నర్సింగన్న తలకొరివి పెట్టేశాడు. రవన్న పరుగెత్తుకొచ్చేసరికి మంట చల్లారుతోంది. "నాయిన మొఖం సుత జూడనియ్యలే" అని రవన్న ఆరోజు అన్నదే ఆఖరి మాట. "అందరు తొందరవెట్టిన్రు, నేనేం జేద్దు" అని నర్సింగన్న ఊరందరికీ చెప్పుకున్నాడు, తమ్ముడికి తప్ప.

ఇలా ఉండగా పెద్దమ్మ గుండె బలహీనపడింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు పెట్టుకుని, "ఇంటికి తీసుకుపోండి, పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండేలా చూసుకోండి" అన్నారు. దాని అర్థం మా అందరికీ తెలుసు, పెద్దమ్మకు ఇంకా బాగా తెలుసు. ఇంటికొస్తూ ఆటోలో ఆమె నాతో, "ఏమైతే అదైతది గని, పోయేలోపల నా కొడుకులు ఒక్కతాన కూసుంటే జూడాలెరా" అంది. నేను "నేనున్న గదా పెద్దమ్మా, అంత నేను జూసుకుంట" అన్నాను. నేనున్నాను కాబట్టే ఇదంతా జరిగింది.

ఎప్పుడూ ఒక మనిషి పక్కన ఉండాలి. ఉన్నదేమో నలుగురం, అందరికీ ఉద్యోగాలూ సంసారాలూ. మామూలు మనిషైతే ఫోన్లు చేసి సర్దుకుంటాడు. నేను మామూలు మనిషిని కాదు కదా! ఆఫీసు ప్రోగ్రాం తెచ్చి, ప్లాంట్ల పేర్లు తీసేసి చుట్టాల పేర్లు పెట్టాను. ఫోన్లో గ్రూపు కట్టాను. దాని పేరు 'పెద్దమ్మ గ్రిడ్'. ఎవరి సమయం మొదలైతే వాళ్ళ ఫోనుకూ నా ఫోనుకూ ప్రోగ్రామే కబురు పంపుతుంది, గ్రూపులో ఎవరూ ఆలస్యమని రాయకపోతే అంతా సక్రమమని సాయంత్రం నివేదిక ఇస్తుంది. వెంటనే నర్సింగన్న భార్య సుజాత వదిన ఫోను చేసింది.

"ఏంది శీను, నా పేరు పక్కన సోలారు అని వెట్టినవ్?"

"నువ్వు పొద్దంతనే రాగలవు గద వదినా. సాయంత్రమైతే పిల్లలొస్తరు, ఇంటికి వోవాలె. అందుకని."

"మరి మీ అన్న?"

"బొగ్గు."

"ఎందుకట?"

"ఒచ్చినంక వేడెక్కాలంటే టైం వడతది వదినా. చాయ్ తాగాలె, పేపర్ జదవాలె, కాళ్ళు జాపాలె. అప్పుడుగాని పెద్దమ్మకు గ్లాసు నీళ్ళియ్యడు."

వదిన పడీపడీ నవ్వింది. "నా ఇంట్ల సుత గంతేనయ్యా. నువ్వు గిప్పుడు కనివెట్టినవ్, నాకు పెండ్లైన నెలకే తెల్సింది."

రవన్నకు గాలిమర అని పెడితే మాత్రం కోపమొచ్చింది. "గూడ్సు బండి ఎప్పుడిడుస్తరో నా చేతుల ఉంటదా? సిగ్నల్ నేనిస్తనా?" అని గొడవ. ఎవరైనా మాట తప్పితే ఆదుకునే మనిషిగా ఎదురింటి బాలమణి ఆంటీని పెట్టాను. ఆమె ఎలాగూ పొద్దస్తమానం గేటు పట్టుకుని మా ఇంటివైపే చూస్తుంటుంది, ఆ చూపును కొంచెం పనిలో పెట్టానన్నమాట. బజారులో మాట తప్పిన ప్లాంటుకు జరిమానా ఉంటుంది కదా, ఇక్కడా పెట్టాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఉస్మానియా బిస్కెట్లు తేవాలి. ఆ జరిమానా వసూళ్ళన్నీ తినేది పెద్దమ్మే. మొదటివారంలోనే ఆమె రవన్న చెవిలో, "రేపు జెర లేటుగ రా బిడ్డా" అనడం నేను కళ్ళారా చూశాను. మార్కెట్టును ఇలా పాడుచేసిన ఆసామిని నేను ఆఫీసులో కూడా చూడలేదు.

మొదటి గండం ఒక సాయంత్రం వచ్చింది. ప్రోగ్రాంకు అన్నదమ్ముల పగ తెలియదు, నేను చెప్పలేదు. పెద్దమ్మను మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు కావాలి కదా అని అది ఇద్దర్నీ ఒకే ముక్కలో వేసేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇద్దరూ మంచానికి చెరోవైపు నిలబడి ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూడరు.

"శీనుగా, దిండు తియ్యమను" అన్నాడు నర్సింగన్న గోడ వైపు చూస్తూ.

"శీనూ, దిండు తీస్తే మెడ నొస్తదని చెప్పు" అన్నాడు రవన్న కిటికీ వైపు చూస్తూ.

"నాకు జెప్పుడు అవసరం లేదని చెప్పు. నేనే పెద్దకొడుకుని."

"ఆ, పెద్దకొడుకే! పెద్దకొడుకువు గాబట్టే ఆనాడు అంత తొందర. ఒక్క గంట ఆగితే ఏమైతుండె? ఒక్క గంట?"

గోడా కిటికీ వదిలేసి ఇద్దరూ మొదటిసారి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత లేచిన గొంతులకు బాలమణి ఆంటీ గేటు దాటి మా గుమ్మం దాకా వచ్చేసింది. నర్సింగన్న విసురుగా వెళ్ళిపోతూ నా చెప్పులు తొడుక్కుని పోయాడు. ఆయన పాదాలు నావాటికి రెండింతలు ఉంటాయి, మడమలు వీధి రోడ్డుకు రాసుకుంటూనే ఆటో ఎక్కాడు. రవన్న వరండాలో కూర్చుని ఏడ్చాడు. నేను హడలిపోయి లోపలికి పరుగెత్తాను, ముసలావిడకు ఏమైపోయిందో అని.

పెద్దమ్మ కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇద్దరు ఒచ్చిన్రురా!"

"ఒచ్చి కొట్లాడుకున్నరు పెద్దమ్మా. నువ్వు పరేషాన్ గాకు. మల్ల గిట్ల గానియ్య."

"నాకేం తక్లీఫ్ లేదు. కొట్లాడనీ. రెండు గొంతులు ఒక్కతాన ఇన్న. ఎన్ని ఏండ్లాయెనో."

ఆమె అన్నమాట నా చెవుల్లో పడింది. ఒట్టు, పడింది. కానీ నా బుర్ర అప్పటికే ప్రోగ్రాంలో ఉంది. కొన్నిచోట్ల ఒకే తీగ మీద రెండు ప్లాంట్లు ఉంటాయి, రెండూ కలిసి నడిస్తే తీగ తట్టుకోలేదు. అప్పుడు 'ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవరాదు' అని ఒక వాక్యం రాస్తాం. ఆ వాక్యాన్నే అన్నదమ్ములకు రాశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? ఒకరు వెళ్ళాక ఇంకొకరు వచ్చేలోపు మధ్యలో కొంత ఖాళీ ఉండాలని, వీధి మొదట్లో కూడా ఎదురుపడకూడదని ఇంకో వాక్యం చేర్చాను. ఆ ఖాళీలో వదినో, ఆంటీనో కూర్చుంటారు. మర్నాడు మాధవరావు గారికి చెబితే ఆయన టీ గ్లాసు పక్కనపెట్టి మరీ మెచ్చుకున్నారు.

"కుటుంబ కలహాలకు గ్రిడ్డు సూత్రమా! అద్భుతమయ్యా. మా ఆవిడకూ మా చెల్లెలికీ కూడా ఒకటి రాసి పెట్టవయ్యా."

ఆ తర్వాత ఇల్లు గడియారం ముల్లులా నడిచింది. ఎవరూ ఆలస్యం కాలేదు, ఎవరూ ఎవరికీ ఎదురుపడలేదు. కలిసి చేయాల్సిన పనికి నేనో ఆంటీనో చెయ్యి వేసేవాళ్ళం. బిస్కెట్లు రావడం మానేశాయి. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను. పెద్దమ్మ మాత్రం రోజురోజుకూ మాట తగ్గించింది. ఆమె అడిగేవి ఇవే.

"నర్సింగ్ పోయిండా?"

"ఇప్పుడే పోయిండు పెద్దమ్మా."

"రవి ఒచ్చెనా?"

"ఇంక టైం గాలే. ఒస్తడు."

"ఈ నడిమిట్ల ఖాళీ ఎందుకు బిడ్డా?"

"వాళ్ళు ఎదురువడకుంట. నేనే వెట్టిన."

"అట్లనా" అని కళ్ళు మూసుకునేది. నిద్రపోతోంది కాబోలు అనుకుని నేను ఫ్యాను తగ్గించేవాణ్ణి. ఆ మూసిన కళ్ళ వెనక ఏముందో ఒక్కసారి అడిగినా బాగుండేది. ఆ తెలివి నాకు ఏ ప్రోగ్రామూ ఇవ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఆఫీసులో రేపటి లెక్కలు పంపేసి, బజారు తలుపు పడ్డాక అన్నానికి ఇంటికొచ్చాను. ఇంటి షెడ్యూలు కూడా అదే సమయానికి గ్రూపులో పెట్టేయడం నా అలవాటు. పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి మణికట్టు పట్టుకుంది. ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"శీనూ, రేపు ఇద్దర్ని ఒక్కపారి కూసోవెట్టు."

"ఏ ఇద్దర్ని?" అని అడిగిన గాడిదను నేనే.

"నా కొడుకులను. ఈ మంచం మీద, చెరోదిక్కు. మాట్లాడకున్నా మంచిదే, తిట్టుకున్నా మంచిదే. నేను వింట."

ఇక్కడ మీరు ఒక్క క్షణం ఆగి, మీరే నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో అనుకోండి. ఫోన్ తీసి రెండు ముక్కలు చెప్పేవారు కదా? పాలవాడైనా ఆ పని చేసేవాడు, ఎదురింటి ఆంటీ అయితే గేటు దగ్గరి నుంచే కేకేసేది. నేనేం చెప్పానో వినండి.

"రేపటిది అయిపోయింది పెద్దమ్మా. గ్రూపుల వెట్టేసిన. ఇగ మార్చరాదు. ఎల్లుండి వెడత, పక్కా."

"రేపు గాదా?"

"తలుపు వడ్డది పెద్దమ్మా. ఆఫీసుల సుత గంతే. తలుపు వడ్డంక ఒకరి కోసం మార్చినమనుకో, అందరిది ఆగమైతది. రూలంటే రూలే."

"ఎవలు వెట్టిన్రు బిడ్డా ఈ రూలు?"

"నేనే."

ఆమె నవ్వింది. చిన్నప్పుడు నేను చొక్కా తిరగేసి తొడుక్కుంటే నవ్వినట్టే నవ్వింది. "మంచిది. ఎల్లుండంటే ఎల్లుండే. నువ్వేది జేసినా సక్కగ జేస్తవ్" అంది. మణికట్టు వదిలేసి అటు తిరిగి పడుకుంది.

నాకు సిగ్గు కూడా లేదు. అన్నం తిని, కలిసి నడవరాదన్న వాక్యం ప్రోగ్రాంలోంచి తీసేసి, ఎల్లుండి పదింటికి ఇద్దర్నీ పక్కపక్కన వేసి గ్రూపులో పెట్టాను. ఇప్పుడు మళ్ళీ గొడవే అనుకుంటూ ఫోను దూరంగా పెట్టి కూర్చున్నాను. ముందు రవన్న దగ్గరి నుంచి మెసేజి వచ్చింది.

"ఇద్దరం ఒక్కపారా? గిదేంది?"

"పెద్దమ్మ అడిగిందన్నా."

"అమ్మ అడిగితే ఒస్తా."

నర్సింగన్న ఫోనే చేశాడు. "వాన్తోని నేను మాట్లాడ, ముందుగాల్నే చెప్తున్న. గని ఒస్తా." మళ్ళీ తనే, "అమ్మ ఏమన్నదిరా? సక్కగ చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన ముక్కు ఎగబీల్చడం వినిపించింది. "సరే తియ్" అని పెట్టేశాడు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు షెడ్యూలు ప్రకారమే పొద్దున నర్సింగన్న వచ్చాడు, మధ్యాహ్నం వెళ్ళాడు. వదిన కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి రవన్న రావాలి. నేను ఆఫీసులో ఉన్నాను, మాధవరావు గారు ఒక గాలిప్లాంటు మాట తప్పినందుకు దాన్ని తిడుతున్నారు. అప్పుడు వదిన ఫోన్ చేసింది.

"శీను, అత్తమ్మ పిలుస్తే పలుకుతలేదు. జెల్ది రా."

నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఒక కొడుకు వెళ్ళి, ఇంకో కొడుకు ఇంకా రాని సమయంలో, నేను ప్రత్యేకంగా రాసిపెట్టిన ఆ ఖాళీలో పెద్దమ్మ వెళ్ళిపోయింది. వదిన ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అంత చదువు, అంత లెక్క, ఒక్క ఫోను చేయలేకపోయింది. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నర్సింగన్న మెడలో కొలత టేపుతోనే తిరుమలగిరి నుంచి పరుగెత్తుకొచ్చాడు. వెనకే రవన్న. ఇద్దరూ మంచానికి చెరోవైపు కూర్చున్నారు, ఆమె అడిగినట్టే. నన్ను తిడతారనుకున్నాను. కొడతారని కూడా ఆశపడ్డాను.

"ఇయ్యాల జెరసేపు ఉందామనుకున్నరా" అన్నాడు నర్సింగన్న, ఎవరితోనో తెలియకుండా. "అమ్మ చెయ్యి ఇడువలే. టైమైంది, రవి ఒచ్చేలోపల పోవాలె గదా అని లేచిన."

"నాకు ఇయ్యాల రెస్టు" అన్నాడు రవన్న. "పొద్దున్నుంచి ఇంట్లనే ఉన్న. నాలుగెప్పుడైతదా అని గడియారం జూస్కుంట కూసున్న."

ఇద్దరూ ఖాళీగానే ఉన్నారు. ఒకడు ఇంకాసేపు ఉండాలనుకున్నాడు, ఒకడు ఇంకాస్త ముందు రావాలనుకున్నాడు. మధ్యలో అడ్డం నిలబడింది నా షెడ్యూలు ఒక్కటే. వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆఖరికి నర్సింగన్నే నా వీపు నిమురుతూ, "ఏడువకురా, నీకేం దెల్సు" అన్నాడు. నాకు అన్నీ తెలుసని పదిమందికీ చెప్పుకు తిరిగినవాణ్ణి నేను.

దూరపు చుట్టాలు రావాలని ఆ రాత్రి ఉంచి, మర్నాడు పొద్దున ఎత్తారు. ఈసారి ఎవరైనా తొందరపెడతారేమోనని నర్సింగన్న ముందే గట్టిగా చెప్పాడు, "ఒచ్చేటోల్లు ఒచ్చేదాక ఆగుతది. ఎవలన్న జెల్దీ అంటే ఊకోను." ముందు పాడె కొమ్ములు అన్నదమ్ములిద్దరూ పట్టారు. డప్పులు మోగుతున్నాయి. మా వైపు శ్మశానానికి వెళ్ళే దారి మధ్యలో పాడె దింపుతారు. దింపుడు కల్లం అంటారు దాన్ని. పోయిన మనిషిలో ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉందేమోనని, కన్నకొడుకు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ఆ పిలుపు వినపడాలని డప్పులు ఆపేస్తారు.

డప్పులు ఆగాయి. గాలి కూడా లేదు.

మీకు ఒకటి చెప్పడం మరిచిపోయాను. షెడ్యూలు ఆపేయాలని ఆ రోజు నాకెక్కడ గుర్తుంటుంది? అది తన పని తాను చేసుకుపోతోంది. సరిగ్గా పదింటికి ఇద్దరన్నల జేబుల్లోనూ ఫోన్లు ఒకేసారి టింగుమన్నాయి. నా జేబులోది కూడా. అది ఏమని పంపిందో నాకు చూడకుండానే తెలుసు, ఆ వాక్యం మురిసిపోతూ రాసింది నేనే కదా: 'నర్సింగన్న, రవన్న, మీ ఇద్దరి సమయం మొదలైంది. పెద్దమ్మ ఎదురుచూస్తోంది.'

"ఫోన్లు బందువెట్టుండ్రయ్యా! గిప్పుడు సుత ఫోన్లేనా!" అని ఎవరో ముసలాయన కసిరాడు. "కానియ్యుండ్రి, పెద్దకొడుకు పిలువాలె."

నర్సింగన్న మోకాళ్ళ మీద వంగాడు. వంగినవాడు ఆగి, తలెత్తి తమ్ముణ్ణి చూశాడు. గోడను కాదు, నన్ను కాదు, తమ్ముణ్ణే.

"రవీ, నువ్వు ఆ దిక్కు రా. ఇద్దరం పిలుద్దాం."

రవన్న వచ్చి అటువైపు మోకరిల్లాడు. చెరో చెవి దగ్గర నోరు పెట్టి ఇద్దరూ కలిసి పిలిచారు. అమ్మా. అమ్మా. అమ్మా. రెండు గొంతులూ ఒకచోట కలిశాయి. అన్నది బొంగురుగా, తమ్ముడిది సన్నగా.

నేను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి మొహం వైపే చూశాను. ఆమె కళ్ళు మెరుస్తాయేమోనని, "ఇద్దరు ఒచ్చిన్రురా" అంటుందేమోనని చూశాను. ఎవరు పిలిచినా ఒక్క పిలుపుకే పలికే మనిషి. పలకలేదు.

ఆ సాయంత్రం ప్రోగ్రాం రోజువారీ నివేదిక పంపింది. ఎల్లుండి అన్నది ఎల్లుండే, పదింటికి అన్నది పదింటికే, ఇద్దరన్నది ఇద్దరూ. తేడా సున్నా. మాధవరావు గారు చెప్పినట్టు బంగారమే.

కావున యావన్మంది బంధుమిత్రులకూ, లాలాగూడ పురప్రజలకూ, తాళ్ళ దుకాణం పైనున్న మా ఆఫీసు వారికీ నేను సవినయంగా ప్రకటించేదేమనగా: ఇకమీదట నేను బొగ్గుకు వేస్తాను, ఎండకు వేస్తాను, గాలికి వేస్తాను, మనుషులకు మాత్రం ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ షెడ్యూలు వేయను. ఎవరైనా నా మణికట్టు పట్టుకుని 'రేపు' అని అడిగితే, రేపటిదాకా కూడా ఆగకుండా అక్కడే, అన్నం ముద్ద చేతిలో ఉన్నా సరే, ఫోను తీస్తాను. ఈ ప్రమాణం పెద్దమ్మ చేతిలో చెయ్యి వేసి చేయాల్సింది. ఆమె లేదు కాబట్టి మీ దగ్గర చేస్తున్నాను.